తెలుగు ఆన్‌లైన్ వీడియో: నిర్మాణము, వితరణము, ప్రచారము

అంతర్జాలము ద్వారా ప్రేక్షకుని చేతిలోని ఫోనుకును, ఇంటిలోని టీవీకిని నేరుగా చేరు చలనచిత్రఖండమును లోకము నేడు వీడియో యనియే వ్యవహరించుచున్నది. సినిమాకు హాలును, దూరదర్శనమునకు ప్రసారకేంద్రమును ఎట్లాధారములో, దీనికి అట్టి మధ్యస్థానము కంటికి కనబడదు. తీసినవాడు ఒక గ్రామములోను, చూచువాడు వేఱొక ఖండములోను ఉండగా, వారిద్దఱిని కలుపు గణితయంత్రము మఱెక్కడనో పనిచేయుచుండుట దీని ప్రత్యేక లక్షణము. ఈ వ్యాసమున తెలుగువారి ఆన్‌లైన్ వీడియో పుట్టుపూర్వోత్తరములును, దాని నిర్మాణ వితరణ ప్రచార రీతులును, దక్షిణ తెలంగాణపు మెట్టసీమలోని చౌటుప్పల్ పరిసరములను విశేషముగా దృష్టియందుంచుకొని నిరూపింపబడుచున్నవి.

చౌటుప్పల్ హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ సంఖ్య జాతీయ రహదారిపై, రాజధానికి సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. పూర్వము నల్లగొండ జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఏటేట సంక్రాంతికి రెండుమూడు దినముల ముందు ఈ మండలములోని పంతంగి టోల్‌ప్లాజాపైన డ్రోనులు లేచును. పండుగకు ఊళ్లకు తరలు కార్లు అక్కడ బారులు తీరి నిలిచిన దృశ్యమును, ఆ కార్లు టోల్ దాటకముందే, బెజవాడలో ఎదురుచూచు తల్లిదండ్రులును డాలసులోని బంధువులును ఫోనులలో చూచుచుందురు. ఇరువదియైదేండ్ల క్రిందట ఇట్టి దృశ్యమును ఆకాశమునుండి చూపుటకు హెలికాప్టరును, ఉపగ్రహ ప్రసార సామగ్రియు గల సంస్థ కావలసియుండెను. నేడు పెండ్లిండ్లకని కొన్న చిన్న డ్రోనే ఆ పనికి చాలుచున్నది. పరికరము యొక్క ఈ చౌకదనమే మన చరిత్రకు ఆరంభము.

2005 ఫిబ్రవరిలో అమెరికాయందు ముగ్గురు యువకులు యూట్యూబును స్థాపించిరి. 2006లో గూగుల్ సంస్థ దానిని 165 కోట్ల డాలర్లకు కొనెను. 2008లో దాని భారతీయ రూపము వెలువడెను. అయినను ఆ కాలమున తెలంగాణ పల్లెలకు వీడియో చేరిన మార్గము ఇది కాదు. జానపద గీతములు వీసీడీలుగా సంతలలో అమ్ముడయ్యెడివి. తరువాత మొబైలు దుకాణమువాడు పది ఇరువది రూపాయలు పుచ్చుకొని ఫోనులోని మెమొరీ కార్డులోనికి పాటలను, సినిమాలను 'ఎక్కించి' యిచ్చెడివాడు. తెలంగాణ ఉద్యమకాలపు ధూంధాం పాటలు ఊరూర వినబడుటకు ఈ చిన్న దుకాణములు చేసిన సేవ గణనీయమైనది. దానిని గూర్చి వ్రాసినవారు అరుదు. 2016 సెప్టెంబరు 5న జియో వాణిజ్య సేవలు మొదలై, మొదటి నెలలలో డేటాను ఉచితముగా ఇచ్చుటయు, తక్కిన సంస్థలును ధరలు తగ్గింపక తప్పకపోవుటయు జరిగినంతట, ఎక్కించు పని నిలిచిపోయెను. ప్రేక్షకుడు తానే నేరుగా వెదకి చూచుట మొదలిడెను.

దీనికి ముందే హైదరాబాదు యువకులు లఘుచిత్రములను తీసి యూట్యూబులో నుంచుట ఆరంభించియుండిరి. నిర్మాతల గుమ్మములయొద్ద కాచుకొనియుండుటకు బదులు తమ నేర్పును తామే ప్రకటించుకొనుటకు ఇది వారికి దారి యయ్యెను. లఘుచిత్రములతో పేరొందిన సుజీత్ 2014లో 'రన్ రాజా రన్' చిత్రమునకును, తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్ళిచూపులు' చిత్రమునకును దర్శకులైరి. రెండవది జాతీయ పురస్కారమును పొందెను. అదే త్రోవలో నటుడు సుహాస్ 2020లో 'కలర్ ఫొటో'కు నాయకుడయ్యెను. అదియు జాతీయ పురస్కారము నందుకొనెను. ఛాయ్ బిస్కెట్ సంస్థ నవ్వించు చిన్న వీడియోలతో బయలుదేరి సినిమా నిర్మాణమునకు ఎదిగినది. 2025 సెప్టెంబరులో విడుదలైన 'లిటిల్ హార్ట్స్' నాయకుడు మౌళి యూట్యూబునుండియే వచ్చినవాడు. ఈ వంశవృక్షము ప్రసిద్ధమే కావున ఇంతకంటె విస్తరింప నవసరము లేదు.

అంతకంటె గాఢమైన మార్పు పల్లెలలో జరిగినది. 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ జగిత్యాల ప్రాంతములోని లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' ఆరంభించెను. పల్లెవారి బ్రదుకు, పండుగలు, తగవులు, పొలము పనులు దానికి వస్తువులు, ఊరివారే నటులు, ఇండ్లే సెట్టింగులు. కూలినాలి చేసి బిడ్డలను పెంచిన, చదువు రాని గంగవ్వ ఆ వీడియోలలో నటించి లోకప్రసిద్ధి నొందెను. 2020లో బిగ్‌బాస్ నాలుగవ సీజనులో పాల్గొనెను. అంతకు ముందు సంవత్సరమున వచ్చిన 'మల్లేశం' చిత్రములోను ఆమె కనబడినది. ఆ చిత్రకథానాయకుడు చింతకింది మల్లేశం మన నల్లగొండ సీమవాడే. తల్లి రోజంతయు ఆసు పోయుచు, అనగా నేతకు ముందు నూలును కొయ్యలకు చుట్టుచు, వేలసారులు చేయి చాచుటవలన భుజము నొవ్వ, ఆ బాధ చూడలేక లక్ష్మీ ఆసు యంత్రమును నిర్మించి 2017లో పద్మశ్రీ పొందినవాడు. ఒక పల్లె వీడియోనుండి వచ్చిన ముదుసలి, ఒక పల్లె నేతగాని కథలో పాత్ర ధరించుటయందు తెలుగు సినిమా చాలకాలము మఱచిపోయిన ఒక ప్రపంచము తిరిగి తెరపైకి వచ్చిన విశేషమున్నది.

తీరాంధ్రమునందును ఇట్టిదే జరిగినది. తెనాలి ప్రాంతపు గుడివాడకు చెందిన మస్తానమ్మ, నూఱేండ్లు దాటిన వయసున, పొలముగట్టున కట్టెలపొయ్యిపై వండుచుండగా ఆమె మునిమనుమడు 2016లో చిత్రించిన వీడియోలు 'కంట్రీ ఫుడ్స్' పేర దేశాంతరముల చూడబడినవి. 2018 డిసెంబరులో ఆమె మరణించినపుడు విదేశీ పత్రికలును ఆ వార్తను ప్రకటించినవి. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డి 'గ్రాండ్‌పా కిచెన్' పేర పెద్ద పెద్ద గంగాళములలో వండి అనాథ బాలలకు పెట్టుచుండెను. ప్రేక్షకులు పంపిన విరాళములు ఆ అన్నదానమునకు సాయపడుచుండెను. 2019 అక్టోబరులో ఆయన దివంగతుడయ్యెను. గంగవ్వతో కలిపి ఈ ముగ్గురు వృద్ధులకు ఎవరును నటనలో శిక్షణ నీయలేదు. కెమెరా ముందర ఉన్నామను స్పృహ లేకుండ తమ పని తాము చేసికొనుటయే వారి కళ.

ఈ వీడియోలు భాషకు చేసిన మేలును ప్రత్యేకముగ పేర్కొనవలెను. అర్ధశతాబ్దికి పైగా తెలుగు సినిమాలలో తెలంగాణ మాట హాస్యగాని నోటనో, దుష్టుని నోటనో వినబడుచుండెను. 2012లో ఆరంభమైన వీ6 వార్తాకేంద్రము 'తీన్మార్' వార్తలను జనుల నుడిలోనే చదివించి ఆ సంకోచమును కొంత తొలగించినది. గంగవ్వయు, ఆమె వెనుక వచ్చిన వందలాది పల్లె వీడియోలును ఆ పనిని పూర్తిచేసినవి. నేడు జనగామ యాసలోనో, దేవరకొండ యాసలోనో ఒక వీడియో చేసినవాడు దానికి క్షమాపణ చెప్పుకొనడు. గుంటూరు ప్రేక్షకుడు దానిని అర్థము చేసికొని నవ్వుచున్నాడు, ఏడ్చుచున్నాడు. గ్రంథములును సభలును సాధింపలేని ఈ కార్యమును వీడియో సాధించినదని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయము.

పాటల విషయము ఇంకను గొప్పది. తెలంగాణ పల్లెలలో బోనాలకు, బతుకమ్మకు, సమ్మక్క జాతరకు క్రొత్త పాట వచ్చుట ఆచారమై, ఆ పాటను చిన్న బృందము రెండుమూడు దినములలో చిత్రించి విడుదల చేయుట ఒక కుటీర పరిశ్రమయైనది. మైక్ టీవీ వీడియోలతో వెలుగులోనికి వచ్చిన మంగ్లి సినిమా గాయనిగా స్థిరపడెను. 2025లో రాము రాథోడ్ చేసిన 'రాను బొంబైకి రాను' అను గీతము తెలుగుదేశమంతయు మార్మ్రోగినది. పాలమూరు వలస కూలీలు తరతరములుగా బొంబాయి త్రోవ పట్టినవారు. ఆ నగరము పేరు ఈ మెట్టసీమలో ప్రతి యింటికి ఏదో యొక జ్ఞాపకము. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రములోని 'సారంగదరియా' అనేక కోట్లసారులు చూడబడినపుడు, సుద్దాల అశోక్ తేజ వ్రాసిన ఆ పాటకు మూలమైన జానపదగీతమును వెలికితీసిన గాయని కోమల పేరు చర్చకు వచ్చినది. జనుల నోట నున్న పాటకు హక్కుదారు ఎవరు, దానిని సేకరించినవారి కేమి చెల్లవలెను అను ప్రశ్న ఆ సందర్భమున బహిరంగముగ చర్చింపబడినది. అది నేటికిని తీరలేదు.

నిర్మాణ వ్యయమును గూర్చి కొంత చెప్పవలెను. ఒక పల్లెబృందమునకు కావలసినవి మంచి ఫోను, చొక్కాకు తగిలించు చిన్న మైకు, చేయి వణకకుండ పట్టి నిలుపు గింబల్, ఎడిటింగుకు ఒక కంప్యూటరు. కొందఱు ఫోనులోనే కూర్చుదురు. చూచువారు చిత్రము కొంత మసకగా నున్నను సహింతురుగాని మాట వినబడనిచో క్షణమున విడిచిపోవుదురు. కావున అనుభవజ్ఞులు మొదట మైకు కొందురు, తరువాతనే కెమెరా. దీనితోపాటు థంబ్‌నైల్ అనబడు ముఖచిత్రము ఒక ప్రత్యేక విద్యగా పెరిగినది. చిత్రమంతయు తీయుటకు ఒక దినము పట్టిన, ఆ యొక్క బొమ్మను, దానిపై అక్షరములను కుదుర్చుటకు ఒక పూట పట్టుచున్నది. లోపల లేనిదానిని పైన చూపించుట ఈ విద్యలోని దోషము. పైయక్షరములలో 'షాకింగ్' అనుమాట లేని వార్తావీడియో అరుదగుట విచారకరము. 2020 మహమ్మారి కాలమున పెండ్లికి రాలేని బంధువులకై ఫొటో స్టూడియోలు యూట్యూబు ద్వారా లైవ్ ఇచ్చుట విస్తరించి, ఇపుడు పల్లెలలోను పెండ్లిపత్రికపై ఆ లింకును అచ్చువేయించుట ఆచారమైనది. అమెరికాలోనున్న మేనమామ తలంబ్రాలను తెల్లవారుజామున మేల్కొని చూచుచున్నాడు.

వితరణమున జరిగిన పరివర్తనము అన్నిటికంటె లోతైనది. సినిమా వ్యాపారము తెలుగుదేశమును నైజాం, సీడెడ్, ఆంధ్ర అని మండలములుగా విభజించుకొన్నది. ప్రతి మండలమునకు ఒక పంపిణీదారుడు; అతనిచేతినుండి రీళ్లపెట్టె చిన్నపట్టణపు హాలునకు చేరుటకు వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టెడివి. ఆన్‌లైన్ వీడియోకు ఈ మండలములు లేవు. చౌటుప్పల్‌లో మధ్యాహ్నము పెట్టినది అదే క్షణమున మెల్‌బోర్నులో దొరకును. కాని దొరకుట వేఱు, కనబడుట వేఱు. ఏ వీడియోను ఎవరి కంటియెదుట పెట్టవలెనో నిర్ణయించునది వేదిక యొక్క సిఫారసు యంత్రము. ప్రేక్షకుడు బొమ్మపై నొక్కెనా, ఎంతసేపు నిలిచెను, తరువాత ఏమి చూచెను అను లెక్కలే దానికి ప్రమాణములు. పూర్వపు పంపిణీదారునితో బేరమాడవచ్చును, అలుగవచ్చును, ఇంటికి పోయి బ్రతిమాలవచ్చును. ఈ క్రొత్త పంపిణీదారునితో మాటలాడుటకు వీలు లేదు.

ఆదాయమును ఆ వేదికయే పంచును. 2018 నుండి యూట్యూబులో ప్రకటనల భాగము పొందుటకు 1,000 మంది చందాదారులును, 12 నెలలలో 4,000 గంటల వీక్షణమును ఉండవలెనను నియమము వచ్చినది. దీర్ఘ వీడియోలపై ప్రకటనాదాయములో 55 శాతము నిర్మాతకు చెందును. 2020 జూన్ 29న భారతప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినపుడు, దానిపైననే పేరు తెచ్చుకొన్న తెలుగు పల్లెల కళాకారులెందఱో ఒక్క రాత్రిలో తమ ప్రేక్షకులను కోల్పోయిరి. కొలది వారములలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌ను, సెప్టెంబరులో యూట్యూబు షార్ట్స్‌ను మనదేశమున ప్రవేశపెట్టినవి. 2023 ఫిబ్రవరినుండి షార్ట్స్‌కును ఆదాయపు భాగము లభించుచున్నది. అది 45 శాతము. నిడివి తక్కువైన ఈ వీడియోలు పేరును త్వరగా తెచ్చును, అన్నము పెట్టుట అరుదు. కావున తెలిసినవారు వీనిని దీర్ఘ వీడియోలకు దండోరాగ వాడుదురు. ఇక చందా కట్టి చూచు ఓటీటీ వేదికలలో కేవలము తెలుగు కొఱకు 2020లో అల్లు అరవింద్, మైహోమ్ సంస్థలు ఆహాను నెలకొల్పినవి. ఈటీవీ విన్ 2024లో '90స్' ధారావాహికతో మధ్యతరగతి కుటుంబములను ఆకట్టుకొన్నది.

వ్యాపార ప్రచారమునకు చౌటుప్పల్ చుట్టుపట్ల నేతగ్రామములే ఉత్తమోదాహరణములు. ఈ మండలములోని కొయ్యలగూడెము, పొరుగున నారాయణపూర్ మండలములోని పుట్టపాక, ఉత్తరమున భూదాన్ పోచంపల్లి, ఇవి చిటికి కట్టి నూలుకు ముందే రంగులద్ది నేయు ఇక్కతు వస్త్రములకు నిలయములు. పోచంపల్లి ఇక్కతు 2005లో భౌగోళిక గుర్తింపు పొందెను. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన, గజం అంజయ్యలు 2011, 2013 సంవత్సరములలో పద్మశ్రీలైరి. పోచంపల్లి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థచే ఉత్తమ పర్యాటక గ్రామముగా ఎన్నుకొనబడెను. పూర్వము నేతగాడు చీరను సొసైటీకో, మాస్టర్ వీవరుకో అప్పగించి కూలి పుచ్చుకొనెడివాడు. ఎవరు కట్టుకొందురో ఎఱుగడు. ఇప్పుడు నేతసీమలో లైవ్ వీడియోపై చీరలమ్ము దుకాణములు వెలసినవి. అమ్మునది కొంగు విప్పి చూపి ధర చెప్పును, కోరినవారు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయుదురు, ఫోన్‌పేలో డబ్బు వచ్చును, మఱునాడు కొరియరు.

ఇందులో ఒక చిక్కు కలదు. ఇక్కతు అచ్చును యంత్రముపై ముద్రించిన చౌకచీరలును ఇదే పేరుతో, ఇదే విధమున వీడియోలలో అమ్మబడుచున్నవి. చేతితో తడవి చూచుటకు వీలులేని కొనుగోలుదారు మోసపోవుచున్నది. నిజమైన ఇక్కతులో రంగు పోగులోనికే ఇంకియుండును గనుక రెండుప్రక్కలను రూపము ఒకటే, అంచులు ఒకింత చెదరినట్లుండును. ముద్రించినదానికి వెనుకవైపు వెలవెలబోవును. కావున నిజమైన ఇక్కతును నేసినవాడు చీరను తిరగవేసి కెమెరాకు చూపవలెను; కొనువారును 'అమ్మా, వెనుకవైపు చూపు' అని అడుగవలెను. మగ్గముపై నేయుచున్నపుడే తీసిన రెండు నిమిషముల వీడియో, కొనుగోలుదారునకు ఏ ప్రకటనయు కలిగింపలేని విశ్వాసమును కలిగించును. ఆసుమీద నూలు పోయుటనుండి మగ్గము దిగువఱకు గల శ్రమను చూచినవారు ధరను గూర్చి పేచీ పెట్టరు.

పేరు గలవారి నోట సరకును పొగడించుట ప్రచారములో మఱియొక రీతి. 2021లో భారత ప్రకటనల ప్రమాణ మండలియు, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖయు, సొమ్ము పుచ్చుకొని చెప్పుచున్న మాటను ప్రకటనయని స్పష్టముగ తెలుపవలెనని నియమములు చేసినవి. ఇట్టి ప్రచారము దారి తప్పిన ఎంత చేటు తెచ్చునో బెట్టింగ్ యాప్‌ల ఉదంతము చాటినది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ జూదమును నిషేధించియున్నను, వాని ప్రచారము వీడియోలలో సాగుచుండగా, 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు పలువురు యూట్యూబర్లపైనను నటులపైనను కేసులు నమోదుచేసిరి. తన్ను నమ్మిన పల్లెపిల్లవానిని జూదమునకు పంపినవాని పాపము ఏ లెక్కకును అందదు.

వార్తలు, రాజకీయములు వేఱొక గ్రంథమునకు చాలు వస్తువు. చౌటుప్పల్ మునుగోడు శాసనసభా నియోజకవర్గములోనిది. 2022 నవంబరు 3న అక్కడ జరిగిన ఉపయెన్నిక తెలంగాణమంతటి దృష్టిని ఆకర్షించినపుడు యూట్యూబు వార్తావాహినులు రంగురంగుల మైకు తొడుగులతో రచ్చబండలయొద్దను, టీకొట్లయొద్దను మూగినవి. వీ6 తీన్మార్‌లో పేరొంది, పిమ్మట తన యూట్యూబు వాహినిద్వారా ప్రభుత్వమును విమర్శించిన తీన్మార్ మల్లన్న, 2021లో స్వతంత్రుడుగా నిలిచి రెండవ స్థానము పొంది, 2024 జూన్‌లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానమునుండి శాసనమండలికి ఎన్నికయ్యెను. వీడియో తెచ్చిపెట్టిన పలుకుబడికి ఇది నిదర్శనము. దీనికి మఱుప్రక్క, ధ్రువపఱచుకొనని వదంతిని వార్తగ వదలు వాహినులును లెక్కకు మిక్కిలిగనే ఉన్నవి. రైతువీడియోలు ఈ దోషమునకు చాలవఱకు దూరముగ నున్నవి. 'తెలుగు రైతుబడి' వంటివి రైతును అతని పొలములోనే నిలిపి, ఎకరమునకు పెట్టుబడి యెంత, దిగుబడి యెంత, మిగిలినదెంత అని అడుగుచున్నవి. బోర్లు వేసి వేసి అప్పులపాలైన ఈ మెట్టప్రాంతమున అట్టి ప్రశ్నకు మించిన వినోదము లేదు.

ఇన్ని వేల వీడియోలలో తెలుగు పల్లె యొక్క మాట, పాట, వంట, పని నిక్షిప్తమైయున్నవి. కాని అవి యున్నది అన్యుల వేదికలపైన. ఖాతా మూతపడిన, సంస్థ నియమము మార్చిన, అవి మాయమగును. టిక్‌టాక్ నిషేధమునాడు మనము దానిని కన్నులార చూచితిమి. కావున వీడియోలు చేయుచున్న ప్రతి యువకునకు, యువతికి ఒక విన్నపము: మూలప్రతిని మీ యింట ఒక హార్డ్‌డిస్కులో దాచుడు, పాడిన అవ్వ పేరు, ఆమె ఊరు, మండలము, తీసిన తేదీ, పాట ఎవరియొద్ద నేర్చెనో ఆ వివరము వీడియో క్రింద తెలుగులో వ్రాయుడు.